ఇరవై మూడేళ్లు ఆలస్యంగా వచ్చిన మహావీర చక్ర: స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య ఉదంతం

1965 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో మహావీర చక్ర పొందిన భారత వాయుసేన అధికారుల జాబితా చాలా చిన్నది. వింగ్ కమాండర్ విలియం గుడ్‌మన్, వింగ్ కమాండర్ ప్రేమ్‌పాల్ సింగ్, స్క్వాడ్రన్ లీడర్ పద్మనాభ గౌతమ్‌లతో పాటు, 1962లోనే ఒకసారి ఆ పతకం అందుకున్న జగ్‌మోహన్ నాథ్ ఈ యుద్ధంలో రెండోసారి కూడా అందుకున్నారు. వీరి శౌర్యం గురించి యుద్ధకాలంలోనే పైఅధికారులకు తెలుసు. ఈ జాబితాలోని ఐదో పేరు స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్యది. ఆయనకు పతకం ప్రకటించింది 1988లో. యుద్ధం జరిగిన 23 ఏళ్లకు ఒక వైమానికుడికి, అదీ మరణానంతరం, దేశపు రెండో అత్యున్నత యుద్ధ శౌర్య పురస్కారం దక్కడానికి కారణాలు వెతికితే, ఆ పతకం ఇచ్చే పద్ధతి దగ్గర మొదలుపెట్టవలసి వస్తుంది.

పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర అనే మూడు పతకాలను 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా చేశారు. మహావీర చక్ర గుండ్రని వెండి పతకం; ముందువైపు ఐదు కోణాల నక్షత్రం, దాని మధ్య బంగారు పూతతో జాతీయ చిహ్నం ఉంటాయి. పట్టీ సగం తెలుపు, సగం నారింజ రంగు. నేలమీద గానీ సముద్రంలో గానీ ఆకాశంలో గానీ శత్రువు ఎదుట చూపిన విశిష్ట సాహసానికి దీన్ని ఇస్తారు. శత్రువు ఎదుట చూపిన సాహసం అన్నప్పుడు దాన్ని ఎవరో ఒకరు చూసి ఉండాలి, చూసింది కాగితం మీద పెట్టాలి. దళాధిపతి సిఫారసు రాస్తే అది అంచెలంచెలుగా పైకి వెళ్లి, చివరకు రాష్ట్రపతి పేరిట గెజిట్‌లో వెలువడుతుంది. పక్కన సహచరులు ఉండే పదాతి సైనికుడికి ఈ పద్ధతి సరిపోతుంది. ఒంటరిగా ఒకే సీటున్న విమానంలో శత్రు భూభాగం మీద ఎగిరే పైలట్ తిరిగి రాకపోతే సిఫారసు రాసేవారి చేతిలో ఏమీ ఉండదు.

దేవయ్య 1932 డిసెంబర్ 24న కొడగులో పుట్టారు. సైన్యాధిపతులు కరియప్పను, తిమ్మయ్యను దేశానికి ఇచ్చిన ఆ చిన్న కొండసీమ నుంచి ఆయన 1954లో వాయుసేనలో పైలట్‌గా చేరారు. యుద్ధం ముంచుకొచ్చేనాటికి ఆయన కొత్త పైలట్లకు విమానం నడపడం నేర్పే శిక్షకుడు. అక్కడి నుంచి ఒకటో నంబరు స్క్వాడ్రన్‌కు వచ్చి మిస్టియర్ విమానం అందుకున్నారు. వాయుసేనలో 'టైగర్స్'గా పేరున్న ఆ స్క్వాడ్రన్ అప్పుడు పంజాబ్‌లోని ఆదంపూర్ నుంచి పనిచేస్తోంది. మిస్టియర్ 1950లలో ఫ్రాన్సు నుంచి కొన్న విమానం. గట్టిదే, అందులోని రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులూ బలమైనవే; కాని సమాంతరంగా ఎగిరేటప్పుడు ధ్వని వేగాన్ని దాటలేదు. ఎదుటి పక్షం దగ్గర అమెరికా సైనిక సాయం కింద వచ్చిన డజను ఎఫ్-104 స్టార్‌ఫైటర్లు ఉన్నాయి. వాటి వేగం ధ్వని వేగానికి రెండింతలు.

1965 సెప్టెంబర్ 6 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్ స్థావరంపై విరుచుకుపడి, నేలమీద నిలిపి ఉన్న విమానాలను తగలబెట్టాయి. అందుకు జవాబుగా మరునాడు తెల్లవారుజామున పాకిస్తాన్ వాయుసేనకు ఆయువుపట్టయిన సర్గోధా మీద దాడి చేయాలని నిర్ణయించారు. ఆదంపూర్ నుంచి సర్గోధా దాకా వెళ్లి తిరిగి రావడం మిస్టియర్ ఇంధనానికి చివరి అంచు. దారిలో శత్రువు ఎదురైతే చుట్టు తిరిగి పోరాడేంత చమురు మిగలదు. అందుకే లక్ష్యం మీద దెబ్బ కొట్టి నేరుగా ఇంటిదారి పట్టడమే పథకం. స్క్వాడ్రన్ అధిపతి వింగ్ కమాండర్ ఓం ప్రకాశ్ తనేజా నాయకత్వంలో పన్నెండు విమానాలు వెళ్లాలి, రెండు అదనంగా సిద్ధంగా ఉండాలి. దేవయ్యది ఆ అదనపు విమానాల్లో ఒకటి. బయలుదేరిన విమానాల్లో ఒకటి వెనుదిరగడంతో ఆయన దాని స్థానంలో చేరారు. చీకటి విడవని వేళ దిక్సూచిని, గడియారాన్ని నమ్ముకుని నేలకు దగ్గరగా ఎగరడం మామూలు రోజుల్లో కూడా కష్టమే.

సర్గోధా దగ్గర పాకిస్తాన్ పైలట్ ఫ్లయిట్ లెఫ్టినెంట్ అంజద్ హుస్సేన్ స్టార్‌ఫైటర్‌లో పైకి లేచి, తిరిగి వెళుతున్న మిస్టియర్‌లలో వెనుక ఉన్నదాన్ని పట్టుకున్నారు. మొదట వదిలిన సైడ్‌వైండర్ క్షిపణి గురి తప్పింది. తర్వాత ఫిరంగితో కాల్చి మిస్టియర్‌ను గట్టిగా దెబ్బతీశారు. ఆ విమానం పని అయిపోయిందనుకుని ముందున్న మరో మిస్టియర్ వైపు మళ్లారు. దెబ్బతిన్న విమానం మాత్రం ఇంకా గాలిలోనే ఉంది. అది తిరిగి వచ్చి స్టార్‌ఫైటర్ మీద పడింది. ఇక్కడ రెండు విమానాల లక్షణాలూ తలకిందులయ్యాయి. స్టార్‌ఫైటర్‌కు ఉన్నవి చిన్న రెక్కలు. తిన్నగా దూసుకుపోతున్నంతసేపు దాన్ని అందుకోవడం ఎవరి తరమూ కాదు, కాని నెమ్మదించి నేలకు దగ్గరగా చుట్లు తిరగవలసి వస్తే దాని ఆధిక్యం కరిగిపోతుంది. ఆ చుట్లలోనే మిస్టియర్ ఫిరంగి గుళ్లు దానికి తగిలాయి. విమానం అదుపు తప్పడంతో అంజద్ హుస్సేన్ పారాచూట్‌తో దూకి బతికిపోయారు. మిస్టియర్ కూలిపోయింది, దేవయ్య మరణించారు. ఆ యుద్ధం మొత్తంలో పాకిస్తాన్ పోగొట్టుకున్న స్టార్‌ఫైటర్లు రెండే; రెండోది దిగే ప్రయత్నంలో కూలింది కాబట్టి, గాలిలో జరిగిన పోరులో పడింది ఇదొక్కటే.

ఈ పోరును మన పక్షాన ఎవరూ చూడలేదు. మిగతావారు పథకం ప్రకారం తక్కువ ఎత్తులో, మిగిలిన చమురు లెక్క చూసుకుంటూ ఆదంపూర్ చేరుకున్నారు. దేవయ్య విమానం రాలేదు. ఆయన పేరు గల్లంతైనవారి జాబితాలో చేరింది. అదే నెల 22న మరో కొడగు పైలట్, జనరల్ కరియప్ప కుమారుడు నందా కరియప్ప హంటర్ విమానంతో కూలి పాకిస్తాన్‌కు చిక్కారు. తండ్రి ఎవరో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌కు తెలుసు కాబట్టి ఆ వార్త వెంటనే బయటికి వచ్చింది, ఆయన తర్వాత క్షేమంగా తిరిగి వచ్చారు. దేవయ్య విషయంలో అటువైపు నుంచి ఏ కబురూ లేదు. సర్గోధా దాడికి నాయకత్వం వహించినందుకు తనేజాకు వీర చక్ర వచ్చింది. దేవయ్య గురించి రాయడానికి ఆయన దగ్గర ఉన్న సమాచారమల్లా విమానం తిరిగి రాలేదన్న ఒక్క వాక్యమే.

పాకిస్తాన్ వాయుసేన సహకారంతో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ 1965 వైమానిక యుద్ధంపై రాసిన 'బ్యాటిల్ ఫర్ పాకిస్తాన్' 1979లో వెలువడింది. దెబ్బతిన్న ఒక మిస్టియర్ తిరగబడి స్టార్‌ఫైటర్‌ను కూల్చిన సంగతి అందులో ఉంది. పాకిస్తాన్ గొప్పతనం చాటడానికి పుట్టిన పుస్తకంలో భారత పైలట్ సాహసం నమోదు కావడం విచిత్రమే. ఆ పైలట్ ఎవరన్నది తేల్చడం కష్టం కాలేదు. ఆ వేకువ దాడికి వెళ్లిన మిస్టియర్‌లలో వెనక్కి రానిది ఒక్కటే, దాన్ని నడిపింది దేవయ్యే. తనేజా ఈ వివరాలన్నీ కూర్చి పతకం కోసం వాయుసేన పెద్దల ముందు పెట్టారు. ఫైలు కదలడానికి మరికొన్నేళ్లు పట్టింది. చివరకు 1988లో మహావీర చక్ర ప్రకటించారు, దేవయ్య భార్య దాన్ని అందుకున్నారు.

శత్రువు మాట మీద శౌర్య పతకం ఇవ్వవచ్చునా అన్న అనుమానం సహజం. నా దృష్టిలో ఈ కేసులో అదే గట్టి సాక్ష్యం. సహచరుడి సాక్ష్యంలో స్నేహమో దళాభిమానమో కొంత పెంచి చెప్పించవచ్చు. తన దగ్గరున్న అత్యంత వేగవంతమైన యుద్ధవిమానం, పాతబడిన ఒక మిస్టియర్ చేతిలో, అదీ తాను ముందే దెబ్బతీసిన మిస్టియర్ చేతిలో కూలిందని ఒప్పుకోవడం వల్ల పాకిస్తాన్‌కు లాభమేమీ లేదు. పాకిస్తాన్ దృష్టిలో అంజద్ హుస్సేన్ ఒక మిస్టియర్‌ను కూల్చిన వీరుడు. ఆయనకు తమ మూడో అత్యున్నత సైనిక పురస్కారమైన సితారా-ఎ-జుర్అత్ ఇచ్చింది. రెండు దేశాల కథనాలూ విడివిడిగా చూసినా, ఇద్దరు పైలట్లూ ఒకరినొకరు కూల్చుకున్నారన్న చోట అవి కలుస్తాయి.

ఈ ఆలస్యంలో ఎక్కువమంది పట్టించుకోని అంశం మరొకటి ఉంది. అదే అంజద్ హుస్సేన్ 1971 డిసెంబర్ 5న మళ్లీ స్టార్‌ఫైటర్‌లోనే అమృత్‌సర్ మీదకు వచ్చి, విమాన విధ్వంసక ఫిరంగుల దెబ్బకు కూలి, యుద్ధఖైదీగా భారత్ చేతికి చిక్కారు. దేవయ్య చివరి పోరుకు ప్రత్యక్ష సాక్షి అయిన ఆ మనిషి అలా మన నిర్బంధంలోనే గడిపి స్వదేశానికి వెళ్లారు. ఆ పోరు సంగతి మన రికార్డుల్లోకి ఎక్కడానికి మాత్రం 1979 నాటి పుస్తకం దాకా ఆగవలసి వచ్చింది.