తీరం ప్లాను బాగుందని ఎట్లా చెప్పాలి: ఒక గీత వెనక కథ

తీరం ప్లాను అంటే సముద్రం ఒడ్డున ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో గీసి చూపించే మ్యాపు. కడపలో ఉండి సముద్రం ఊసెందుకని అడుగుతుంటారు. మా చెయ్యేరు పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. కానీ నన్ను ఈ విషయంలోకి లాగింది ఒక తేదీ. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది, 10 వేల మంది దాకా పోయారు. సరిగ్గా 44 ఏళ్లకు, 2021 నవంబరు 19న, కడప జిల్లా రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లె, తొగూరుపేట మీద చెయ్యేరు పడింది. నీళ్లు ఎంతదాకా వస్తాయో ముందే గీసిన గీత ఒకటి ఉందా, ఉంటే దాన్ని ఊళ్లోవాళ్లు చూశారా? రెండు చోట్లా నేను అడిగేది అదే.

తీరంలో ఆ గీత కథ 1981లో మొదలైంది. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్లు ఎక్కే మట్టం నుంచి కనీసం 500 మీటర్ల దాకా ఏ కట్టడాలూ రానివ్వొద్దని ఇందిరాగాంధీ ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. 1991 ఫిబ్రవరిలో సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాలను అదుపు చేసే ప్రాంతం) నోటిఫికేషన్ వచ్చింది, ఏడాదిలోగా తీర ప్లాన్లు తయారుచేయాలని రాష్ట్రాలకు అందులోనే చెప్పారు. చాలా రాష్ట్రాలు చేయలేదు. 1996లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాకే ఫైళ్లు కదిలాయి.

అసలు తేడా మ్యాపు స్కేలులో ఉంటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ. 25 వేలకు 1 స్కేలులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు. పల్లెల్లో కట్టడాలు వద్దని ఆ నోటిఫికేషన్ పెట్టిన 200 మీటర్ల మేర ఆ కాగితం మీద 8 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. 2019 నోటిఫికేషన్ జనం ఒత్తుగా ఉన్న పల్లెల్లో దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. అంటే 2 మిల్లీమీటర్లు! స్కెచ్ పెన్ను కాస్త ఒరిగితే ఒక ఇల్లు గీత లోపల, పక్కిల్లు బయట. అయితే ఆ 50 మీటర్లు ఊరికే రావు, జనం అభిప్రాయాలు తీసుకుని చేసిన కొత్త ప్లానుకు ఆమోదం రావాలి, అందాకా పాత 200 మీటర్లే.

ఈ చరిత్రలో నాకు బాగా నచ్చినది 2011 నోటిఫికేషన్. పంచాయతీలు వాడుకోవడానికి దాదాపు 4 వేలకు 1 స్కేలులో, సర్వే నంబర్లు కనబడేట్టు మ్యాపులు ఉండాలంది, వాటిలో మత్స్యకార పల్లెలు, చేపలు ఎండబెట్టే చోట్లు, ఐస్ ప్లాంట్లు, బడులు, దవాఖానాలు చూపించాలంది, పెరిగే కుటుంబాలకు ముందుముందు ఇళ్లు ఎక్కడో కూడా ప్లాను వేయమంది. అదే 200 మీటర్లు ఈ మ్యాపులో 5 సెంటీమీటర్లు, వేలు పెట్టి చూపించగలిగినంత.

అందుకే తీరం ప్లాను ఏది చేతికొచ్చినా ముందు పేజీలు లెక్కపెట్టను, రంగులు చూడను. చేపలు ఎండబెట్టుకునే ఆమె ముందు ఆ మ్యాపు పరిచి, అమ్మా మీ చోటు ఎక్కడుందో చూపించండి అని అడిగితే ఆమె చూపించగలగాలి. చెయ్యేటి గట్టు మీద మా వాళ్లకు అలాంటి మ్యాపు 2021కి ముందు ఎవరైనా పరిచి చూపించి ఉంటే బాగుండేది.