తొడిమ తెగని ముక్కు

"మాస్టారూ, ప్లాస్టిక్ సర్జరీ అంటే ముఖంలో నిజంగా ప్లాస్టిక్ పెడతారా? మా తమ్ముడు ముక్కు సరిచేయించుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇన్‌స్టాలో ఏదో క్లినిక్ చూసి అడ్వాన్స్ కూడా కట్టేశాడు. మంచి డాక్టర్ని ఎలా పోల్చుకోవాలి?" అని ఒక అమ్మాయి ఉత్తరం రాసింది.

మొదటిదానికి జవాబు చిన్నది. పెట్టరు. గ్రీకులో ప్లాస్టికోస్ అంటే మలచడానికి సంబంధించినది. 1818లో బెర్లిన్ సర్జన్ కార్ల్ ఫాన్ గ్రాఫె ముక్కు కట్టే విద్య మీద పుస్తకం రాసి దానికి 'రైనోప్లాస్టిక్' అని పేరు పెట్టాడు. మనం వాడే ప్లాస్టిక్‌కు ఆదిపురుషుడైన బేకలైట్ పుట్టింది 1907లో. కాబట్టి ఆ మాట ముందు సర్జన్లది, తర్వాతే బకెట్లది. ముక్కు ఎత్తు పెంచడానికి కొందరు సిలికాన్ ముక్క పెడతారు, అది వేరే సంగతి.

రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు మామిడి తోటలోకి వెళ్లాలి.

మామిడికి అంటు కట్టే పద్ధతుల్లో ఒక పాతది ఉంది. ఇప్పుడు తగ్గిపోయింది కానీ నా చిన్నప్పుడు చాలా చూశాను. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండీతో సహా తల్లిచెట్టు దగ్గరికి తీసుకెళ్తారు. కొమ్మ ఎత్తుగా ఉంటే మంచె వేసి దాని మీద కుండీ పెడతారు. మొక్క కాండానికీ, బంగినపల్లి కొమ్మకూ చెరో పక్క బెరడు చెక్కి, గాయానికి గాయం ఆనించి గట్టిగా కడతారు. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. కొమ్మను తల్లిచెట్టు నుంచి కోయరు. రెండు మూడు నెలలు అది తల్లి పాలే తాగుతుంది. అతుకు కుదిరిందని నమ్మకం కుదిరాక, కింద సగం గాటు పెడతారు. కొన్నాళ్లు ఆగి పూర్తిగా కోస్తారు. తొందరపడ్డవాడి అంటు ఎండిపోతుంది.

ముక్కు కట్టడమూ అక్షరాలా ఇదే.

మూడో మైసూరు యుద్ధంలో, 1792లో, ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కోవాస్‌జీ అనే మనిషి టిప్పు సైనికులకు చిక్కాడు. వాళ్లు అతని ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. శూర్పణఖ నాటి నుంచీ మన దేశంలో ముక్కు కోయడం అంటే నొప్పికన్నా పరువు సంగతి. ఏడాదిపాటు ముక్కు లేకుండా తిరిగాక, పుణె దగ్గర ఇటుకలు చేసే కులంవాడు ఒకడు అతనికి కొత్త ముక్కు కట్టాడు. బొంబాయి వైద్యులు ఇద్దరు దగ్గరుండి చూశారు. ఆ వర్ణన 1794 అక్టోబరులో లండన్‌లో 'జెంటిల్మన్స్ మ్యాగజైన్'లో అచ్చయింది. చదివిన వైద్యులు ముక్కు మీద వేలేసుకున్నారు. రోగి పేరు తెలుసు, చూసిన డాక్టర్ల పేర్లు తెలుసు, బొమ్మ గీసిన చిత్రకారుడు జేమ్స్ వేల్స్ పేరూ తెలుసు. కత్తి పట్టినవాడి పేరు మాత్రం ఎవరూ రాయలేదు! ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

అతను చేసింది ఇది. పల్చటి మైనం రేకును పోయిన ముక్కు ఆకారంలో ఒత్తి, దాన్ని సాపు చేసి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీశాడు. గీత వెంట చర్మం ఒలిచాడు. పూర్తిగా కాదు, రెండు కనుబొమల మధ్య సన్నటి తొడిమ ఉంచేశాడు. ఆ తొడిమ దగ్గర చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి, తెగిన ముక్కు మొండి భాగం చుట్టూ చేసిన గాట్లలో అంచులు దూర్చాడు. నీళ్లతో మెత్తబరిచిన కాచు పూసిన గుడ్డ పేలికలు పైన అంటించాడు. నాలుగు రోజులయ్యాక అవి తీసి నెయ్యిలో ముంచిన గుడ్డ వేశాడు. తొడిమ కోసింది సుమారు 25వ రోజున. ఇవాళ ఏ పెద్దాసుపత్రిలో చేసినా దాదాపు మూడు వారాలకే కోస్తారు.

ఎందుకు అన్ని రోజులు? ఎందుకు ఆ తొడిమ? శరీరంలో ఎక్కడి నుంచైనా చర్మం పూర్తిగా కోసి ఇంకోచోట వేస్తే దాన్ని గ్రాఫ్ట్ అంటారు. కాలిన గాయాలకు వేసేది అదే. మొదటి ఒకటి రెండు రోజులు అది కింద ఊరే ద్రవాన్ని స్పాంజిలా పీల్చుకుని బతుకుతుంది. రెండు మూడు రోజులకు దాని కేశనాళికల నోళ్లు, కింది గాయంలోని నాళాల నోళ్లు కలుసుకుంటాయి. వారం తిరిగేలోపు రక్తం ఆడుతుంది. పల్చటి చర్మానికి ఈ ఉపవాసం సరిపోతుంది. ముక్కు అలా కాదు. గాలిలో నిలబడాలి, మందంగా ఉండాలి, లోపల ఎముకో మృదులాస్థో ఉండాలి. అంత మందం ఉన్న కండ రెండు రోజులు పీల్చుడు మీద బతకలేదు, కుళ్లిపోతుంది. అందుకే సొంత రక్తనాళంతో సహా దించాలి. దాన్నే ఫ్లాప్ అంటారు. నుదుటి ఫ్లాప్‌కు నెత్తురు మోసేది సుప్రాట్రాక్లియర్ అనే ధమని. కనుబొమ లోపలి చివర దగ్గర కంటిగూటి నుంచి బయటికొచ్చి పైకి పాకుతుంది. దాని పేరు తెలియకపోయినా ఆ పుణె మనిషి చేతికి దాని దారి తెలుసు.

మామిడి పోలిక ఇంకా లాగొచ్చు. అంటు మొక్క మీద బంగినపల్లి కొమ్మ బంగినపల్లిగానే కాస్తుంది కదా. నుదుటి చర్మం కూడా పుట్టిల్లు మర్చిపోదు. పైన జుట్టున్న చోటు నుంచి తీస్తే ముక్కు మీద వెంట్రుకలు మొలుస్తాయి. నరం కూడా తొడిమలోంచే వస్తుంది కాబట్టి, కొత్త ముక్కు మీద ఈగ వాలితే రోగి నుదురు తుడుచుకుంటాడు. తొడిమ కోశాక, చుట్టుపక్కల నరాలు మెల్లగా పాకాక గానీ ఆ అయోమయం తీరదు. పోలిక తెగేది ఒక్కచోట. చెట్టు ఇంకో చెట్టు కొమ్మను ఒప్పుకుంటుంది, మన ఒళ్లు పరాయి చర్మాన్ని ఒప్పుకోదు. ఇటలీలో తాల్యకోజ్జి 1597లో చేతి చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని అచ్చువేశాడు. ఎవరి చెయ్యి వాళ్లదే, వారాల తరబడి ముఖానికి కట్టుకుని ఉండాలి. తర్వాత యూరప్‌లో ఒక కథ పుట్టింది. ఎవరో ధనవంతుడు కూలివాడి చేతి కండతో ముక్కు కట్టించుకున్నాడట, ఆ కూలివాడు చచ్చిన రోజున ఇక్కడ ముక్కు కుళ్లి రాలిపోయిందట! మూఢనమ్మకాలు మన దగ్గరే ఉన్నాయనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను.

మనవీ తక్కువేం కాదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి తల్లి గ్రహణం నాడు కూర తరిగిందంటారు. జబ్బుకే గ్రహణం మొర్రి అని పేరు పెట్టేశాం. గర్భం మొదటి నెలల్లో ముఖం భాగాలు మధ్యకు వచ్చి కలుసుకోవాల్సిన చోట కలవకపోవడం అది. సూర్యుడికీ చంద్రుడికీ ఏ పాపమూ తెలియదు. బిడ్డకు కొన్ని నెలల వయసులోనే పెదవి కలుపుతారు, చాలాచోట్ల ఉచితంగా. ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమా తారలే గుర్తొస్తారు గానీ ఇదీ ఆ విద్యే.

మళ్లీ ముక్కు దగ్గరికొస్తే, ఈ విద్యను ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు ఆ పుణె మనిషికన్నా చాలా ముందే చెప్పాడు, ఆయన చర్మం తీసింది చెంప నుంచి. చెట్టు ఆకును ముక్కు కొలతకు కత్తిరించమన్నాడు, ముక్కుపుటాల్లో రెండు గొట్టాలు పెట్టమన్నాడు. లండన్‌లో కార్ప్యూ అనే సర్జన్ మన నుదుటి పద్ధతిని శవాల మీద సాధన చేసి 1814లో బతికున్న మనిషికి చేశాడు, 1816లో పుస్తకం వేశాడు.

ఇక అమ్మాయి తమ్ముడి దగ్గరికి. అతనికి ముక్కు ఉంది, వంపు నచ్చలేదు. ఇక్కడ ఫ్లాప్ అక్కర్లేదు. లోపల ఎముకనూ మృదులాస్థినీ చెక్కి సర్దుతారు. కానీ నెత్తురు సంగతి ఇక్కడా తప్పదు. ముక్కు కొన మీద చర్మాన్ని మరీ పల్చగా గీకేస్తే కొసకు రక్తం అందక నల్లబడుతుంది. చేసినవాడికి నాళం ఏ పొరలో పాకుతుందో తెలియాలి. మీ గోరు మీద ఒకసారి నొక్కి వదలండి. తెల్లబడి రెండు సెకన్లలో ఎర్రబడుతుంది. ఆపరేషనయ్యాక నర్సు ఫ్లాప్‌ను ఇలాగే నొక్కి చూస్తుంది. పాలిపోయి రంగు రాకపోతే ధమని మూసుకుపోయినట్టు. ఊదారంగుకు తిరిగి, నొక్కి వదలగానే రంగు ఉరికొస్తే సిర మూసుకుపోయినట్టు, నెత్తురు వస్తోంది గానీ పోవడం లేదు. దానికి ఇప్పటికీ జలగలు పట్టిస్తారు. 2004లో అమెరికా ఔషధ సంస్థే జలగను వైద్య పరికరంగా ఒప్పుకుంది.

అసలు భయం కత్తితో కాదు, సూదితో. "సర్జరీ లేకుండా పది నిమిషాల్లో ముక్కు" అని ఫిల్లర్ అనే జెల్లును సూదితో చర్మం కింద ఎక్కిస్తారు. నుదుటి ఫ్లాప్‌ను బతికించే ధమని కంటి ధమనికి కొమ్మ అని గుర్తుంచుకోండి. ముక్కు మీదో కనుబొమల మధ్యో సూది ఆ గొట్టంలో దిగిందనుకోండి, బొటనవేలి ఒత్తిడికి జెల్లు వెనక్కి ఎదురెక్కి కంటిగూటిలోకి పోతుంది. వేలు తీయగానే రక్తం దాన్ని ముందుకు తోసి రెటీనా ధమనిలో ఇరికిస్తుంది. 0.1 మిల్లీలీటరు కూడా అక్కర్లేదు. ఆ కన్ను పోయినట్టే, తిరిగి రావడం అరుదు. ముక్కును ఇచ్చిన నాళమే కంటిని తీసుకుపోతుంది.

అందుకని డాక్టర్ని ఇలా అడగమ్మా. "హయాలురోనిక్ ఫిల్లర్‌ను కరిగించే హయాలురోనిడేజ్ మీ దగ్గర ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉందా?" నవ్వి తీసిపారేస్తే లేచి వచ్చేయండి. బోర్డు మీద 'కాస్మెటాలజిస్ట్' అని ఉంటే అది సర్జన్ డిగ్రీ కాదు. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మామూలుగా జనరల్ సర్జరీలో మూడేళ్లు, ఆపైన ఎం.సి.హెచ్. అనే పై డిగ్రీలోనో దానికి సమానమైన నేషనల్ బోర్డు శిక్షణలోనో ఇంకో మూడేళ్లు. ముక్కు పనిలో చెయ్యి తిరిగిన ఈఎన్‌టీ సర్జన్లు ఉన్నారు, దవడ ఎముకల పని మాక్సిల్లోఫేషియల్ సర్జన్లది. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఎంబీబీఎస్ ఒక్కటే కాదు, పీజీ డిగ్రీ కూడా అదనపు అర్హతగా నమోదై ఉండాలి. యూట్యూబ్ చూసీ వర్క్‌షాపులకు వెళ్లీ సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడం కుదరదని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పాల్సి వచ్చిందంటే ఎలాంటి వాళ్లు తయారయ్యారో చూడండి. మత్తు ఎవరిస్తారో అడగండి. నచ్చకపోతే రెండో ఆపరేషన్ ఎప్పుడని అడగండి. వాపు పూర్తిగా దిగడానికే ఏడాది పట్టొచ్చు, "మూడు నెలలకే చేసేద్దాం" అనేవాడికి చెయ్యి తొందరెక్కువ.

నీ తమ్ముణ్ణి కూడా నా తరఫున ఒకటి అడుగు, సిగరెట్ తాగుతాడా అని. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగదీస్తుంది. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు నుంచీ మానమని సర్జన్లు చెప్తారు. ఆ ప్రశ్న అడగకుండానే డేట్ ఇచ్చేసిన క్లినిక్ అయితే, అడ్వాన్స్ సంగతి మర్చిపొమ్మను.