గేటు దాటగానే ఆగిపోయే వీడియో కాల్

మారతహళ్లిలో మా పీజీ గేటు దాటగానే అమ్మతో వీడియో కాల్ బిగుసుకుపోతుంది. "ఏంట్రా, బొమ్మలా అయిపోయావు?" అంటుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం అదే గేటు దగ్గర ఏమీ కాదు. ఎందుకని? పొద్దున ఆ గేటు దగ్గర ఫోన్ పీజీ వైఫై వదిలి మొబైల్ డేటాకి మారుతుంది, సాయంత్రం మళ్లీ వైఫైకి వస్తుంది.

ఆండ్రాయిడ్‌లో ఏ యాప్‌కి ఏ నెట్‌వర్క్ ఇవ్వాలో చూసేది కనెక్టివిటీ సర్వీస్. దాన్ని చూస్తే నాకు ఇక్కడి ఇళ్ల బ్రోకర్లు గుర్తొస్తారు. గది వెతికేవాడు ఫలానా ఓనర్ ఇల్లే కావాలని అడగడు, నీళ్లుండాలి, అడ్వాన్స్ తక్కువుండాలి అంటాడు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి యాప్‌లు కూడా ఇలాగే, "ఇంటర్నెట్ ఉండాలి, మీటర్ తిరగనిదై ఉండాలి" అని రిక్వెస్ట్ పెట్టగలుగుతున్నాయి. అవతల వైఫై, సిమ్ వంటి ప్రొవైడర్లు ఓనర్లన్నమాట. అడిగేవాళ్లుంటేనే గది కట్టే ఓనర్లూ ఉన్నారు: మీరు వైఫైలో ఉండగా ఎంఎంఎస్ (ఫోటో మెసేజ్) పంపితే, సిమ్ వైపు దానికోసమే ఒక కనెక్షన్ లేస్తుంది.

బ్రోకర్ ఓనర్ మాట నమ్మడు, కుళాయి తిప్పి చూస్తాడు. వైఫై తగలగానే ఫోన్ ఒక సర్వర్‌కి చిన్న ప్రశ్న పంపుతుంది. 204 అనే ఖాళీ జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు. బదులుగా లాగిన్ పేజీ వస్తే లేనట్టే. ఆండ్రాయిడ్ 12 కి ముందు ప్రతి నెట్‌వర్క్‌కీ మార్కులుండేవి. వైఫైకి 60, మొబైల్ డేటాకి 50. పరీక్ష తప్పితే 40 కోత, అంటే వైఫైకి మిగిలేది 20. గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నా డేటా సిమ్ నుంచే పోవడానికి కారణం అదే. (నెలాఖరులో నా డేటా అయిపోవడానికి కూడా.) తర్వాత ఈ అంకెలు తీసేసి నియమాలు పెట్టారు.

గది దొరికినా బ్రోకర్ ఫైలు మూయడు. మొబైల్ మీద నడుస్తున్న రిక్వెస్ట్‌కి ఇంకా మెరుగైన వైఫై వస్తే దానికి మారుస్తాడు. పాతదాన్ని వెంటనే ఖాళీ చేయించడు, మామూలుగా 30 సెకన్లు గడువిస్తాడు. యాప్ తన సామాను సర్దుకోవడానికి ఆ సమయం చాలు.

సాయంత్రం నాకు దొరికేది ఆ గడువే. పొద్దున అలా కాదు, గడువివ్వాల్సిన వైఫైయే గోడ వెనక ఉండిపోతుంది. మొబైల్ డేటాలో ఫోన్ చిరునామా (ఐపీ అడ్రస్) వేరు. పాత చిరునామా మీద నడుస్తున్న కనెక్షన్ తనంతట తాను కొత్తదానికి మారదు, యాప్ మళ్లీ కలుపుకోవాలి. అంతవరకూ అమ్మకి కనిపించేది నోరు సగం తెరిచిన నా బొమ్మ.