పల్చటి పొర ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

చిరంజీవులు లాస్యకు, వినయ్‌కు తాతయ్య దీవెనలు.

లాస్యా, హైడ్రోజన్ బస్సు పొగ బదులు నీళ్లు వదులుతుంటే, అన్ని బస్సులూ అలాగే ఎందుకు చేయరని అడిగావు. ఖర్చు మాట అలా ఉంచు. నన్ను ఆకట్టుకున్న కారణం ఒకటి చెబుతాను.

ఆ బస్సుకు కరెంటు ఇచ్చే ఫ్యూయల్ సెల్‌లో వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి ఒక పక్క హైడ్రోజన్, మరో పక్క గాలి. పొర హైడ్రోజన్‌లోని ప్రోటాన్లను మాత్రమే దాటనిస్తుంది. ఎలక్ట్రాన్లు తీగ వెంట చుట్టు తిరిగి పోతాయి, అదే కరెంటు. పొరకు చిల్లి పడితే ఆ సెల్ పని అయిపోయినట్టే.

చిల్లి ఎందుకు పడుతుందంటారా? మా ఊరి జాతరలో చినుకు పడితే డప్పు తోలు వదులై మోత తగ్గిపోయేది. వరిగడ్డి మంట వేసి డప్పు కాచేవాళ్లు. తోలు బిగిసి మళ్లీ ఖంగుమనేది. అమ్మ అన్నానికి పిలిచినా నేను ఆ మంట దగ్గర నుంచి కదిలేవాణ్ణి కాదు. అలా తడిసీ కాగీ, కొన్నాళ్లకు తోలు చెక్క చట్రం అంచున చిట్లేది.

ఈ పొరా అంతే. తడిగా ఉంటేనే పనిచేస్తుంది. నీళ్లు పడితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, చుట్టూ బిగించిన చట్రం కదలనివ్వదు. బస్సు ఆగి కదిలినప్పుడల్లా పొరలో తడి మారుతుంది. సిటీ బస్సు రోజుకు ఎన్నిసార్లు ఆగి కదులుతుందో ఆలోచించండి! అందుకే పొర మధ్యలో సాగదీసిన టెఫ్లాన్ వల పెడతారు.

డప్పుకు లేని బాధ దీనికి ఇంకొకటుంది. లోపల కొద్దిగా పెరాక్సైడ్ అనే రసాయనం పుడుతుంది. ఇనుము జాడ తగిలితే అది విరిగి, పొరను కొరికేసే రాడికల్స్ అనే తునకలు అవుతుంది. 1965లో జెమిని 5 వ్యోమనౌకలో వాడిన పాలీస్టైరిన్ అనే ప్లాస్టిక్ జాతి పొరలు ఎక్కువ కాలం మన్నేవి కావు. తర్వాత ఫ్లోరిన్ నిండిన నాఫియాన్ అనే ప్లాస్టిక్ వచ్చి చాలా మేలు చేసింది. ఇప్పుడు లారీలకు 2030 నాటికి 25,000 గంటల ఆయుష్షు కావాలని అమెరికా ఇంధన శాఖ లక్ష్యం పెట్టుకుంది. ఏది ఎందుకు పాడవుతుందో ఓపిగ్గా చూసేవాళ్లే ఇలాంటివి సాధిస్తారు, నాన్నా.

పొరలో సీరియం అనే లోహం కూడా రవ్వంత కలుపుతారు. అది రాడికల్‌ను అణిచేసి, పెరాక్సైడ్‌తో కలిసి మళ్లీ తన మొదటి రూపానికి వచ్చేస్తుంది, ఇంకోదాన్ని అణచడానికి! ఎంత ఆలోచించినా నాకు ఆశ్చర్యమే. అదెలాగో పెద్ద క్లాసులో చదువుకుందురుగాని. ఈలోగా డప్పు వాయించేవాళ్లు కనిపిస్తే నమస్కారం పెట్టి, తోలు అంచు ఒకసారి చూపించమని అడగండి. ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య