యుద్ధ చరిత్రకు యూనిఫాం అక్కర్లేదు: రిటైరైనవాడి అపోహలు - వాస్తవాలు

ముప్పై ఒక్క ఏళ్లు కాలువలు, లాకులు, షట్టర్లు చూసుకున్నాను. రిటైరై ఏడేళ్లయింది. ఇప్పుడు రామచంద్రపురంలో మా ఇంటి అరుగు మీది బల్ల నిండా పాత యుద్ధాల పటాలే. చూసినవాళ్లు తలో మాట అంటుంటారు. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: సైన్యంలో పనిచేసినవాళ్లకే ఇది అర్థమవుతుంది.

మా వియ్యంకుడు ఆ బల్ల చూసి "మిలటరీలో ఎప్పుడు చేశారు బావగారూ?" అని అడిగారు. చేయలేదు. తుపాకులు పేలేది కొన్ని గంటలే. మిగతా రోజులన్నీ బియ్యం, ఎడ్లు, దారి, నీళ్లు, జీతాలు. బిల్లు పాస్ కాక కాంట్రాక్టరు పని ఆపేయడం చూసినవాడికి ఇంగ్లీషు కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్ అవస్థ ఇట్టే తెలుస్తుంది. 1758లో ఫ్రెంచివారి మీద చందుర్తి యుద్ధం గెలిచాక, ఖర్చు భరిస్తానన్న విజయనగరం ఆనంద గజపతిరాజుతో డబ్బు దగ్గర పేచీ వచ్చింది. గెలిచిన సైన్యం వారాల తరబడి కదల్లేదు.

అపోహ: మన డెల్టాలో వరి తప్ప యుద్ధాలెక్కడివి?

ఈ మాటకు మాత్రం నాకు కోపం వస్తుంది. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివారి చేయి జారడానికి మొదటి దెబ్బ డెల్టా అంచునే, గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో పడింది. అది 1758 డిసెంబర్. రోజు విషయంలో పుస్తకాలు ఒక మాట మీద లేవు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు. ఫోర్డ్ వెంట సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు, వారికి తోడు రాజుగారి బలగం.

ఫోర్డ్ యూరోపియన్ దళం నిలువెత్తు చేను చాటున పడింది. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలు ఎర్ర కోట్లు తొడుక్కున్నారు. దక్షిణాదిలో ఆ రంగు దొరలదే అనుకునే ఫ్రెంచివారు ఆ సిపాయిలనే ఇంగ్లీషు దళమనుకుని మీద పడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముకొస్తున్న ఫ్రెంచివారికి చేను చాటు నుంచి అసలు దళం ఎదురైంది.

డిసెంబర్‌లోనే రెండుసార్లు అక్కడికి వెళ్లాను. గట్టు దిగి చేను పక్కన నిలబడితే అవతల మనిషి కనపడడు. పుస్తకంలో ఇరవైసార్లు చదివినా ఎక్కని సంగతి అక్కడ నిలబడితే తెలిసింది. ఒక రైతు వచ్చి "సర్వేకి వచ్చారా?" అని అడిగితే ఔననీ కాదనీ చెప్పలేక నవ్వేశాను.

మరుసటి ఏడు ఏప్రిల్ 7-8 రాత్రి ఫ్రెంచివారి మచిలీపట్నం కోట కూడా ఫోర్డ్ చేతికి చిక్కింది. అది కృష్ణా డెల్టా కనుక ఎక్కువ చెప్పను. కానీ సముద్రం పాటు మీదుండి అగడ్తలో నీరు తగ్గే వేళ చూసుకుని దాడి చేశారన్నది షట్టర్లు తిప్పినవాడిగా నాకు నచ్చిన ముక్క.

అపోహ: కళ్లారా చూసినవాళ్లు చెబితే ఇక తిరుగులేదు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజు జోరున వాన, ఊరంతా బురదలో పరుగెత్తిందని ఒక పెద్దాయన నాకు చెప్పారు. ఏప్రిల్ మొదటి వారంలో మన దగ్గర అంత బురద ఎక్కడిది? ఆయన అబద్ధమాడలేదు. ఏదో తుఫాను నాటి పరుగు ఈ పరుగులో కలిసిపోయింది. ఆయన మాటను ఆయన మాటగానే రాసుకున్నాను, పక్కన తేదీ వేసి.

అపోహ: లండన్ వెళ్తే తప్ప కాగితాలు దొరకవు.

రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవారి పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఫోనులోనే ఉచితంగా వెతకవచ్చు. బర్మాలో టౌక్యన్ శ్మశానవాటికలోని రంగూన్ స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. చిక్కంతా అక్షరాలతోనే. కాకినాడ అని వెతికితే దొరకనిది కోకనాడ అంటే దొరకవచ్చు. ఇంటిపేరు ఉండకపోవచ్చు, తండ్రి పేరుతో వెతకాలి.

అపోహ: కాటన్ దొర ఇంజినీరు, యుద్ధాలతో ఆయనకేం పని?

ఆయన మద్రాసు సైన్యపు ఇంజినీరు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు.

అపోహ: ఊళ్లు తెలిసినవాడు పటం తప్పుగా గీయడు.

ఇది నా సొంత అపోహ. చందుర్తి నుంచి రాజమండ్రికి ఫోర్డ్ దారిని సామర్లకోట కాలువ గట్టు వెంట దర్జాగా గీశాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847-52 మధ్య. కాలువ దాని తర్వాతిది. అంటే ఇంకా తొంభై ఏళ్లకు గానీ తవ్వని గట్టు మీద సైన్యాన్ని నడిపించాను! ఆ కాలువ మీద ఉద్యోగం చేసినవాణ్ణి నేనే. మా మనవడు పట్టుకునేదాకా నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ పటాన్ని కాలువలన్నీ చెరిపేసి మళ్లీ గీస్తున్నాను. పెద్దాపురం దాకా వచ్చాను.