కోచ్ గొంతు ఎంతవరకు వినపడాలి? ప్రీసీజన్ స్క్రిమేజ్‌లలో హెడ్‌సెట్ల వెనక కథ

ఆగస్టు రాగానే, అసలు సీజన్‌కి ముందు (ప్రీసీజన్‌లో), అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు స్క్రిమేజ్‌లు, అంటే సాధన మ్యాచ్‌లు మొదలుపెడతాయి. హైస్కూల్ జట్టయితే పక్క ఊరి స్కూల్‌ని పిలుస్తుంది. కాలేజీ జట్టు తన ఆటగాళ్లనే రెండుగా విడగొట్టి ఆడిస్తుంది. చాలాచోట్ల స్కోరు పట్టించుకోరు, బంతిని తన్ని ఆట మొదలుపెట్టే కిక్‌ఆఫ్ ఉండదు, బంతిని ఒక గీత దగ్గర పెట్టి అక్కడినుంచి వరసగా ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు) నడిపిస్తారు. కోచ్‌లు కొందరు మైదానంలోనే, జట్టుకి కాస్త వెనకగా నిలబడతారు. చెప్పాల్సింది నోటితోనే చెప్పేయొచ్చు. మరి హెడ్‌సెట్లు ఎందుకు? ప్రాక్టీసులో కూడా చెవులకి అవి తగిలించుకోవాలా, అసలు సీజన్ మొదలయ్యాక చూసుకోవచ్చా? కోచ్‌ల మధ్య ఈ వాదన ఏటా వస్తుంది.

తగిలించుకోవాలనే నా అభిప్రాయం. అయితే వాటిని ఆపేసి ఆడించడం కూడా ఆ స్క్రిమేజ్‌లోనే జరగాలి. అది ఎందుకో తెలియాలంటే కోచ్ గొంతు మైదానంలోకి ఎలా వచ్చిందో ముందు చూడాలి.

ఈ ఆట అలవాటు లేనివారికి ఒక మాట. ఇక్కడ ఆట ఆగి ఆగి సాగుతుంది. ఒక ప్లే కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ కాలేజీ ఆటలోనూ సాధారణంగా తర్వాతి ప్లేకి 40 సెకన్ల గడువు. ఆ లోపల కోచ్ ప్లే ఎంచుకోవాలి, అది మైదానంలో ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి చేరాలి, మిగతా పదిమందికి తెలియాలి, అందరూ తమ చోట్లలో నిలబడాలి. ప్రత్యర్థికి మాత్రం తెలియకూడదు. హెడ్‌సెట్ గొడవలన్నీ ఈ 40 సెకన్ల చుట్టూ జరిగినవే.

మొదట్లో కోచ్‌కి ఆ హక్కే లేదు. మైదానంలో ఆడేవాడే ఆలోచించాలన్నది పాత నియమం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బెంచి దగ్గరనుంచి కోచింగ్ చేయడం 1944లో గానీ చట్టబద్ధం కాలేదు. ఆ అవకాశాన్ని అందరికంటే ఎక్కువగా వాడుకున్నవాడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్. ప్రతి ప్లే తనే ఎంచేవాడు. గార్డ్ స్థానంలో ఆడే ఇద్దరిని మార్చి మార్చి లోపలికి పంపి, వాళ్ల నోటిద్వారా క్వార్టర్‌బ్యాక్‌కి కబురు చేరవేసేవాడు. అలా కబుర్లు మోసినవాళ్లలో చక్ నోల్ ఒకడు. ఆయనే తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కోచ్‌గా నాలుగు సూపర్ బౌల్‌లు (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ మ్యాచ్‌లు) గెలిచాడు.

ఈ మనిషి మోసే కబురు బ్రౌన్‌కి చాలలేదు. 1956లో ఒహాయోకి చెందిన జాన్ క్యాంప్‌బెల్, జార్జ్ సార్లెస్ అనే ఇద్దరు హెల్మెట్‌లో ఇమిడే రేడియో రిసీవర్ తయారుచేసి ఆయన దగ్గరికి తీసుకొచ్చారు. క్వార్టర్‌బ్యాక్ జార్జ్ రాటర్‌మన్ హెల్మెట్‌లో దాన్ని అమర్చారు. దాన్ని మొదట పరీక్షించింది ప్రీసీజన్‌లోనే, డెట్రాయిట్ లయన్స్‌తో ఆడిన సన్నాహక మ్యాచ్‌లో. ఫలితం లెక్కకి రాని మ్యాచ్ కాబట్టే బ్రౌన్ ధైర్యం చేయగలిగాడు. ప్రాక్టీసులో హెడ్‌సెట్ అనవసరం అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. హెల్మెట్ రేడియో పుట్టిందే అక్కడ.

సీజన్ మొదలయ్యాక కథ తిరగబడింది. అక్టోబర్‌లో న్యూయార్క్ జయంట్స్ తమ బెంచి దగ్గర సొంత రిసీవర్ పెట్టుకుని బ్రౌన్ మాటలు వినేసింది. అంతకుముందు బ్రౌన్స్ దగ్గర ఉండి వచ్చిన జీన్ ఫిలిప్‌స్కీకి వాళ్ల ప్లేల పేర్లు తెలుసు. విన్న మాటకి అర్థం ఏమిటో అతను అక్కడికక్కడే తన జట్టుకి చెప్పాడు. జయంట్స్ 21-9తో గెలిచింది. మిగతా జట్లు కూడా రేడియోల వెంట పడే సూచనలు కనిపించడంతో కమిషనర్ బర్ట్ బెల్ కొద్ది రోజుల్లోనే వాటిని నిషేధించాడు.

ఆ నిషేధం 38 ఏళ్లు సాగింది. ఈ మధ్యలో కోచ్‌ల మధ్య మాటలకి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. స్టేడియం పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చున్న సహాయ కోచ్‌కి మైదానం మొత్తం కనిపిస్తుంది. పక్క గీత దగ్గర నిలబడ్డవాడికి ముందు నిలబడ్డవాళ్ల వీపులే కనిపిస్తాయి. అందుకని పైనుంచి కిందికి ఫోన్లు, తర్వాత వైర్ ఉన్న హెడ్‌సెట్లు వచ్చాయి. కోచ్ గీత వెంట నడుస్తుంటే వెనకాల ఒకడు ఆ వైర్ చుట్టలు పట్టుకుని నడిచేవాడు. ఆటగాడికి మాత్రం చేతి సంజ్ఞలే దిక్కు.

1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ మళ్లీ తలుపు తెరిచింది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో స్పీకర్ ఉండొచ్చు, కోచ్ మాట్లాడొచ్చు, కానీ ప్లే క్లాక్ (ఆ 40 సెకన్ల గడియారం) మీద 15 సెకన్లు మిగిలి ఉండగా ఆ లైన్ తెగిపోవాలి. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే. కోచ్ ప్లే చెప్పొచ్చు, జాగ్రత్తలు చెప్పొచ్చు. బంతి కదిలాక ఎటు విసరాలో మాత్రం ఆటగాడే చూసుకోవాలి. దీనిలోనూ దారి వెతికినవాళ్లున్నారు. 2017లో లాస్ ఏంజెలిస్ రామ్స్ కోచ్ షాన్ మెక్‌వే తన జట్టును తొందరగా బంతి ఉన్న గీత మీద నిలబెట్టి, రేడియో లైన్ తెగేలోపు ఎదుటి డిఫెన్స్‌ని (అడ్డుకునే పక్షాన్ని) తను చదివి క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌కి చెబుతున్నాడని పెద్ద చర్చ నడిచింది. నియమం ప్రకారం అందులో తప్పు లేదు. గడియారాన్ని అంత బాగా సాధన చేశారు, అంతే.

డిఫెన్స్‌కి ఈ సౌకర్యం 2008లో గానీ రాలేదు. దానికి ముందు ఏడాది న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ న్యూయార్క్ జెట్స్ కోచ్‌ల సంజ్ఞలను వీడియో తీస్తూ దొరికిపోయింది. కోచ్ బిల్ బెలిచిక్‌కి 5 లక్షల డాలర్లు, జట్టుకి రెండున్నర లక్షల డాలర్లు జరిమానా పడింది, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక మొదటి రౌండ్ అవకాశం పోయింది. సంజ్ఞలు ఉన్నంతకాలం దొంగతనం ఉంటుందని లీగ్‌కి అర్థమైంది. రేడియో ఉన్న హెల్మెట్ మీద వెనకవైపు చిన్న ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. ఒక పక్షం నుంచి ఒకసారి మైదానంలో ఒక్క ఆకుపచ్చ చుక్కే ఉండాలి.

మన క్రికెట్‌లోనూ ఇలాంటిది ఒకసారి జరిగింది. 1999 ప్రపంచకప్‌లో హోవ్‌లో ఇండియాతో ఆడుతూ దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే, బౌలర్ అలన్ డొనాల్డ్ చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకున్నారు. అవతల మాట్లాడుతున్నది కోచ్ బాబ్ వూల్మర్. ఆ రోజు ఇండియా కెప్టెన్ మన హైదరాబాదీ అజారుద్దీన్. డ్రింక్స్ విరామంలో మ్యాచ్ రిఫరీ తలత్ అలీ వాటిని తీయించేశాడు. వద్దని రాసిన నియమం అప్పటికి ఏదీ లేదు. అయినా ఐసీసీ దాన్ని అన్యాయంగా భావించి ఆపేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం గొంతుని పూర్తిగా ఆపకుండా దానికి గడువు పెట్టుకుంది.

కాలేజీలు ఇంకా చాలాకాలం సంజ్ఞలతోనే నెట్టుకొచ్చాయి. పక్క గీత దగ్గర ముగ్గురు నలుగురు చేతులు ఊపుతుంటారు, వాళ్లలో ఒకడిదే అసలు సంజ్ఞ. పెద్ద అట్టల మీద బొమ్మలు పైకెత్తి చూపిస్తారు. 2023లో మిషిగన్ యూనివర్సిటీ సిబ్బందిలో ఉన్న కానర్ స్టాలియన్స్, తర్వాత తమతో ఆడబోయే జట్ల మ్యాచ్‌లకి మనుషుల్ని పంపి సంజ్ఞలు రికార్డ్ చేయించాడన్న ఆరోపణలతో పెద్ద దుమారం రేగింది. కోచ్ జిమ్ హార్బాను, మిషిగన్ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ రెగ్యులర్ సీజన్ చివరి మూడు మ్యాచ్‌లకి సస్పెండ్ చేసింది. 2024 ఏప్రిల్‌లో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ పై స్థాయి కాలేజీ జట్లకి హెల్మెట్ రేడియో అనుమతించింది. అదే 15 సెకన్ల గడువు, అదే ఆకుపచ్చ చుక్క.

ఆ ఏడాది కాలేజీ జట్లకి ఆగస్టు స్క్రిమేజ్‌లు ఎంత ముఖ్యమో ఊహించుకోండి. కోచ్‌కి చిన్నగా మాట్లాడటం రావాలి. మైక్ దొరికింది కదా అని ఏకధాటిగా మాట్లాడితే క్వార్టర్‌బ్యాక్ బుర్ర వేడెక్కుతుంది. డిఫెన్స్‌లో చుక్క ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవాలి. ఎక్కువగా అది మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్‌కి దక్కుతుంది, ఎందుకంటే అతని గొంతు అందరికీ చేరుతుంది. అతను గాయపడితే ఇంకో హెల్మెట్ సిద్ధంగా ఉండాలి. వినేది ఒక్కడే కాబట్టి సంజ్ఞలు పూర్తిగా పోలేదు, దూరంగా నిలబడి బంతి అందుకునే ఆటగాళ్లకి అవి ఇంకా కావాలి. ఇంత చేసినా 2024 సీజన్ మధ్యలో, ఆ రేడియోల మాటలకి ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లు వినకుండా చేసే రక్షణ) లేదని బయటపడి హడావుడిగా అప్‌డేట్ చేయాల్సి వచ్చింది. 1956లో జయంట్స్ బెంచి దగ్గర బయటపడిన లోపమే ఇది.

హైస్కూల్ స్థాయిలో సంగతి వేరు. జాతీయ హైస్కూల్ సమాఖ్య 2013లో నియమాన్ని సడలించి, పక్క గీత దగ్గర, హాఫ్‌టైమ్‌లో, అనుమతించిన సమావేశాల్లో ఆటగాళ్లు కూడా కమ్యూనికేషన్ పరికరాలు వాడొచ్చంది. రాష్ట్రాలకీ తేడాలున్నాయి. టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లు ఎక్కువగా ఎన్‌సీఏఏ నియమాలతోనే ఆడతాయి. అయినా హైస్కూల్ స్క్రిమేజ్‌లో హెడ్‌సెట్ అంటే ముఖ్యంగా కోచ్‌ల మధ్య మాటే. ఆఫెన్స్ (బంతితో దాడి చేసే పక్షం) కోచ్‌లకి ఒక చానెల్, డిఫెన్స్ కోచ్‌లకి ఇంకొకటి. వైర్‌లెస్ సెట్ మొత్తం కొనాలంటే వేల డాలర్లు అవుతాయి. చిన్న ఊళ్లలో తల్లిదండ్రులు, జట్టుకి అండగా ఉండే బూస్టర్ క్లబ్బులు చందాలు వేసుకుని కొంటారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల ఆ తల్లిదండ్రుల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. డబ్బు పెట్టినవాళ్లకి ఇది ఎందుకో తెలియాలి.

పైన ప్రెస్ బాక్స్ బూత్‌లో కూర్చునే కోచ్ చాలాసార్లు కొత్తవాడు. ఏం చూడాలి, చూసింది ఎన్ని మాటల్లో చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నవి అతనికి ఆట నడుస్తుంటేనే వస్తాయి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, పక్క మైదానంలో ఇంకో జట్టు సెట్‌తో మన చానెల్ కలుస్తోందో స్క్రిమేజ్‌లోనే తెలియాలి. ప్రొఫెషనల్ స్థాయిలో కూడా ఇవి చెడతాయి. 2015 సీజన్ మొదటి మ్యాచ్‌లో పేట్రియట్స్ స్టేడియంలో స్టీలర్స్ కోచ్‌ల హెడ్‌సెట్లలో ఎదుటి జట్టు రేడియో కామెంటరీ వినపడింది. స్టేడియం విద్యుత్ ఏర్పాట్లలో లోపం, దానికి వాన తోడైందని లీగ్ చెప్పింది.

ఇక కోచ్ మైదానంలో నిలబడటం గురించి. ఈ అలవాటు నాకు నచ్చదు. పదహారేళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆగస్టు అంతా వెనకనుంచి కోచ్ గొంతు వింటూ ఆడితే, మొదటి అసలు మ్యాచ్‌లో ఆ గొంతు గీత అవతలికి వెళ్లిపోయేసరికి టెన్షన్ పడతాడు. స్క్రిమేజ్ మొదటి భాగంలో కోచ్‌లందరూ గీత బయటికి వెళ్లి, బూత్‌లో మనిషిని పెట్టి, మ్యాచ్‌లో లాగే హెడ్‌సెట్లతో నడపాలి. ఆఖరి ఒకటి రెండు సిరీస్‌లు (వరస ప్లేలు) హెడ్‌సెట్లు ఆపేసి, ప్లే కాల్ చేసే పని పూర్తిగా క్వార్టర్‌బ్యాక్‌కే అప్పగించాలి. అతను తప్పు ప్లే పిలిచినా అడ్డు వెళ్లకూడదు. స్కోరు రాయని రోజు అది, తర్వాత వీడియో చూస్తూ ఎందుకలా పిలిచావని అతన్నే అడగొచ్చు.