ఆన్‌లైన్ మందులు: చీటీ అప్‌లోడ్ చేస్తే సరిపోతుందా?

"ఆన్‌లైన్‌లో నకిలీ మందులొస్తాయట కదండీ?" మా మందుల షాపు కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఇది. అంతకంటే ప్రాణాల మీదికి తెచ్చే అపోహ వేరే ఉంది. ముందు అది చెప్తాను.

అపోహ: డాక్టర్ చీటీ ఉత్త లాంఛనం. పాత ఫోటో అప్‌లోడ్ చేసినా మందులొచ్చేస్తాయి.

వాస్తవం: పోయినేడు ఒక పెద్దావిడ నోటిపూతకి జెల్ అడుగుతూ మా షాపుకొచ్చింది. నోరు తెరిస్తే లోపలంతా పుండ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోతోంది. "ఇంకేం మందులు వాడుతున్నారమ్మా?" అంటే సంచీలోంచి మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు తీసింది. పది మాత్రల్లో రెండే మిగిలాయి. మొదలుపెట్టి ఎనిమిది రోజులే. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు! కొడుకు పాత చీటీ ఫోటో పెట్టి యాప్‌లో తెప్పించాడట. డెలివరీ అబ్బాయి కవరిచ్చి వెళ్లిపోయాడు. వారానికా, రోజుకా అని ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. ఆ మందు ఎక్కువైతే ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. జెల్ ఇవ్వకుండా అప్పటికప్పుడు ఆటో పిలిచి పెద్దాసుపత్రికి పంపించాను. దేవుడి దయవల్ల కోలుకుంది. ఇప్పుడు ఆవిడ స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో 'ఆదివారం మాత్రమే' అని రాసి మరీ ఇస్తున్నాను.

షెడ్యూల్ హెచ్ అనే జాబితాలోని ఇలాంటి మందులకి చీటీ కావాలని, ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో పెట్టింది ఇందుకే. చీటీ అడగని మా వీధి షాపుల వాళ్లకీ ఇదే మాట చెప్తాను.

అపోహ: ఇంత బాహాటంగా అమ్ముతున్నారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

వాస్తవం: ఈ-ఫార్మసీలకు, అంటే ఆన్‌లైన్ మందుల షాపులకు, కేంద్రం 2018 ఆగస్టులో ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. ఏళ్లు గడిచినా అవి ఖరారు కాలేదు. 2018 డిసెంబరులోనే లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2023 ఫిబ్రవరిలో దేశంలో మందుల నియంత్రణ చూసే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ చాలా ఆన్‌లైన్ మందుల కంపెనీలకు షోకాజ్ నోటీసులిచ్చారు. కరోనా అప్పుడు, 2020 మార్చిలో, ఇంటికి మందులు చేర్చడానికి వచ్చిన వెసులుబాటు లైసెన్సున్న షాపులకు, అదీ వాళ్ల రెవెన్యూ జిల్లాలోపలే. అందుకే బిల్లు మీద షాపు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే ఆ మందు తీసుకోకండి.

అపోహ: ఆన్‌లైన్ మందులన్నీ నకిలీవే.

వాస్తవం: వాట్సాప్ పుకారు. నకిలీలు షాపుల్లోనూ పట్టుబడ్డాయి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకు బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి, స్కాన్ చేసి బ్యాచ్ నంబరు సరిచూసుకోండి.

మంచం దిగలేని అత్తగారికి మందులు ఇంటికి తెప్పించుకోవడం తప్పేం కాదు, మీ ఇబ్బంది నాకు తెలుసు. కవరు విప్పగానే స్ట్రిప్పునీ చీటీనీ పక్కపక్కన పెట్టి చూడండి: పేరు, మిల్లీగ్రాములు, రోజుకా వారానికా. అనుమానమొస్తే వేసుకోకుండా దగ్గర్లోని ఫార్మసిస్టుకి చూపించండి. మా దగ్గర కొనకపోయినా చూసి చెప్తాం.